మెడ మీది నలుపు మురికి కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఎత్తు 136 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. మెడ వెనక నల్లగా పట్టేసింది. ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దుతున్నా పోవట్లేదు. రాత్రిళ్లు గురక పెడతాడు. బడి నుంచి నేరుగా ట్యూషన్‌కి వెళ్లి ఏడున్నరకి ఇంటికొస్తాడు. ఫోన్ చూపిస్తేనే అన్నం తింటాడు. మా అత్తయ్యగారేమో ‘ఒళ్లు చేస్తే మంచిదే, పొడుగైతే అదే సర్దుకుంటుంది’ అంటారు. పక్కింటివాళ్లు థైరాయిడేమో అంటున్నారు. అన్నం మాన్పించమంటారా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: ముందు ఆ సున్నిపిండి ఆపేయండమ్మా. చేత్తో తాకితే మందంగా, ముఖమల్ గుడ్డలా తగిలే ఆ నలుపు మురికి కాదు. ఒంట్లో కొవ్వు పెరిగితే, రక్తంలో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మం మీద ఇలా బయటపడుతుంది. రుద్దితే పిల్లాడికి మంటే మిగులుతుంది. బరువు అదుపులోకి వస్తే నలుపు మెల్లగా పలచబడుతుంది.

థైరాయిడ్ లోపముంటే పిల్లలు సాధారణంగా ఎత్తు ఎదగరు. మీ బాబు ఎత్తుకి లోటు లేదు, అందుకే నా అనుమానం అటు పోవట్లేదు. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, బీఎంఐ మాత్రం 25 దగ్గరుంది. తొమ్మిదేళ్లకి అది ఊబకాయమే. ఇంట్లోనే ఒకటి చూడండి. బాబు ఎత్తంత దారం తెంపి, సగానికి మడిచి, బొడ్డు మీదుగా నడుం చుట్టూ చుట్టండి. కొసలు కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైందని అర్థం.

అత్తయ్యగారిని తప్పుపట్టకండి. నేను ఈ జిల్లాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో డొక్కలెండిన పిల్లల్నే ఎత్తుకొచ్చేవారు. బక్కపిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే దక్కుతాడో లేదోనని ఇల్లంతా వణికేది. ఆ భయం ఆవిడ చేతి ముద్దలో ఇంకా ఉంది. ఆవిణ్ని కూడా తీసుకురండి, నేను కూర్చోబెట్టి చెప్తాను.

పిల్లాడి తప్పు అసలే లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా బెంచీ మీదే కూర్చుంటే తిన్నది ఎక్కడ ఖర్చవుతుంది? ఫోన్ చూస్తూ తింటే కడుపు నిండిన సంగతే తెలియదు. మధ్యలో చిప్స్, కూల్‌డ్రింకు. 250 మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు 26 గ్రాముల పంచదార, అంటే ఐదారు చెంచాలు. పాలల్లో కలిపే ‘బలం’ పొడుల్లోనూ చాలావాటిలో పంచదారే ఎక్కువ.

గురకని తేలిగ్గా తీసుకోకండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతోందేమో ఒక రాత్రి పక్కన కూర్చుని గమనించండి. అలా ఉంటే ముక్కు, గొంతు డాక్టరుకి వెంటనే చూపించాలి. బీపీ, పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు చేయించండి. ఈ వయసులోనే కాలేయానికి కొవ్వు పట్టిన పిల్లల్ని, పదోతరగతికి రాకుండానే షుగర్ వచ్చినవాళ్లని చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అన్నం మాన్పించొద్దు. కంచంలో సగం కూర, పప్పు, గుడ్డో చేపో ఉండాలి, అన్నం మిగతా చోట. పొద్దున్న పొడి కలిపిన పాలకి బదులు పంచదార వేయని చోడి (రాగి) అంబలి ఇవ్వండి. పాలతో పాటు అదీ ఇస్తే లాభం లేదు. కూల్‌డ్రింకులు ఇంటికే తేవొద్దు, నాన్నగారి కోసం కూడా. ట్యూషన్ వారానికి మూడు రోజులకి తగ్గించి, రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. మార్కుల సంగతి తర్వాత చూద్దాం. తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. ముద్దుకైనా సరే ‘బొండాం’ అని ఎవర్నీ పిలవనివ్వకండి, ఆ మాట పిల్లల్ని లోలోపల కోస్తుంది.

బరువు తగ్గించాలని కంగారు వద్దు. ఎదిగే పిల్లాడు కాబట్టి 46 దగ్గర నిలబెట్టినా చాలు, ఎత్తు తన పని తాను చేస్తుంది. ఆ దారం దాచిపెట్టండి. రథసప్తమికి అరసవల్లి వెళ్లే ముందు ఎత్తు మళ్లీ కొలిచి, కొత్త దారం చుట్టి చూసి నాకు రాయండి.