అద్దె అగ్రిమెంట్‌లో ‘డిమైజ్’ అంటే చావేనా?

షాపు అగ్రిమెంట్‌లో ‘డిమైజ్డ్ ప్రెమిసెస్’ అని ఉంది, డిమైజ్ అంటే చనిపోవడం కదా, అపశకునంగా ఉంది, తీయించాలా అని అడిగారు. భయం అక్కర్లేదండీ. లీజుకిచ్చిన జాగా అని దానర్థం, అంతే.

నేనూ ఇలాగే కంగారుపడ్డాను. నాన్న పోయిన కొన్నాళ్లకి గుంటూరు బ్రాడీపేటలో మా షాపుని అమ్మ పేరు మీద మూడేళ్ల లీజుకి రాయించాం. మూడేళ్ల లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం. ఆయనిచ్చిన ఇంగ్లీషు డ్రాఫ్ట్‌లో పేజీకి మూడుసార్లు డిమైజ్! బంధువుల వాట్సాప్ గ్రూపులో మావయ్య పెట్టిన ‘సాడ్ డిమైజ్’ మెసేజ్ ఇంకా కళ్లలోనే ఉంది. "పోయినాయన షాపు అని ఇన్నిసార్లు రాయాలా అండీ?" అనేశాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, "అది షాపుకి బాబూ, నాన్నగారికి కాదు" అన్నారు.

నిజమే, ఈ మాట పుట్టిందే ఆస్తి కాగితాల్లో. లాటిన్‌లో పంపేయడం, వదిలేయడం అనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు కోర్టుల్లో చేరి, ఆస్తిని ఇంకొకరికి వదలడం అయింది. డిస్మిస్ కూడా దీని చుట్టమే. వీలునామా ఆస్తి చేతులు మారేది మనిషి పోయాకే కదా, అలా 18వ శతాబ్దంలో చావుకే పేరైపోయింది. రాజుల దగ్గరైతే రెండర్థాలూ ఇప్పటికీ కలిసే ఉన్నాయి. ‘డిమైజ్ ఆఫ్ ది క్రౌన్’ అంటే రాజు పోయి కిరీటం వారసుడికి వెళ్లడం. విక్టోరియా రాణి పోయిన 1901లోనే బ్రిటన్‌లో ఆ పేరుతో చట్టం చేశారు, సింహాసనం మారినా ఉద్యోగులకి మళ్లీ నియామకం అక్కర్లేదని.

సంతాపాల్లో మనవాళ్లు ‘హి డిమైజ్డ్’ అని రాసేస్తుంటారు, అది తప్పు. చావు అర్థంలో నామవాచకంగానే వాడాలి, ‘హిజ్ డిమైజ్’ అని. క్రియగా ఎక్కువగా వాడేది లీజులోనే. అక్కడ డిమైజ్ చేసే ఓనరు నిక్షేపంగా బతికే ఉంటాడు! మనుషులకే కాదు, 2013లో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయిందే, దాన్నీ డిమైజ్ అనొచ్చు. నాకైతే ‘కాలం చేశారు’లో ఉన్న మర్యాద ఇందులో కనపడదు.

మరీ గుచ్చుకుంటే ‘షెడ్యూల్ ప్రాపర్టీ’ (అగ్రిమెంట్ షెడ్యూల్‌లో వివరాలు రాసిన ఆస్తి) అని రాయమనండి, పని జరిగిపోతుంది. ఇంత చెప్పినా మా అమ్మ ఒప్పుకోలేదు, చివరికి మేమూ అలాగే రాయించాం.