పాకాల దగ్గరి పల్లె జనాభా ఎంత? తిరుపతి నుంచి ఎలా వెళ్లాలి?

మీ అమ్మమ్మగారి ఊరికి ఇంటర్నెట్‌లో మూడు వేల జనాభా కనిపిస్తోందనీ, బంధువులేమో మూడు వందలు కూడా ఉండరంటున్నారనీ రాశారు. రెండూ నిజమే కావచ్చు. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానికి కడతారు, పల్లెకు కాదు. మన వైపు ఒక రెవెన్యూ గ్రామం కింద చాలా పల్లెలు ఉంటాయి. రోడ్డు పక్కన ఒకటి, చెరువు కట్ట కింద ఒకటి, గుట్ట వెనకాల మరొకటి. ఆ జనమంతా ఒకే పేరు కింద లెక్కకు వస్తారు. మాది ఎనభై గడపల పల్లె. ఆ పట్టికలో దాని పేరే లేదు. మొదటిసారి చూసినప్పుడు కాస్త నొచ్చుకున్నాను కూడా.

అందుకే ముందు ఇంట్లో పాత పట్టాదారు పాసుపుస్తకం తీసి, రెవెన్యూ గ్రామం పేరు చూడండి. తర్వాత 2011 జనగణన పుస్తకంలో ఆ పేరు వెతకండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి, 66 మండలాల పాత చిత్తూరు జిల్లా కిందే వెతకాలి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది గనుక, వెబ్‌సైట్లలో తిరుగుతున్నది ఇప్పటికీ ఆ పాత అంకెలే.

పల్లె లెక్క ఒక్కటే కావాలంటే అంగన్‌వాడీ టీచరును అడగండి. ఇంటింటి వివరాలు ఆమె రిజిస్టరులో ఉంటాయి. ఓటర్ల జాబితాను మాత్రం నమ్ముకోకండి. మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, ఓటు మాత్రం ఇక్కడే. గంగమ్మ జాతరనాడు చూస్తే కారు పెట్టుకోవడానికి చోటుండదు.

ఇక ప్రయాణం. జనగణన పుస్తకంలో బస్సు, రైలు వివరాలూ ఉంటాయి కానీ, సౌకర్యం ఊళ్లో లేకపోతే దూరాన్ని మూడు అక్షరాలతో సరిపెడతారు: అయిదు కిలోమీటర్లలోపు ‘ఎ’, అయిదు నుంచి పది దాకా ‘బి’, పది దాటితే ‘సి’. దాన్ని బట్టి ఊరికి బయలుదేరలేం. మా చెల్లెలి పెళ్లికి హైదరాబాదు నుంచి వస్తూ మా బావ ఎక్కడో ‘సమీప రైల్వే స్టేషన్ పాకాల’ అని చదివి, ధైర్యంగా అక్కడే దిగారు. తిరుపతి, కాట్పాడి, ధర్మవరం దారులు కలిసే జంక్షన్ కదా, బండ్లు దొరక్కపోవులే అనుకున్నారట. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. మా ఊరి ఆఖరి బస్సు ఏడింటికే వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద కునుకు తీసి, తెల్లవారుజామున పాల వ్యానులో ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని దిగారు. ఏ పెళ్లికి వెళ్లినా ఆ కథే చెబుతారు, ఏటేటా క్యాన్ల సంఖ్య పెరుగుతోంది.

నా మాట వింటే తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కండి. రైలు చవకే గానీ, వేళ తప్పితే పడిగాపులే. బస్సు చంద్రగిరి మీదుగా పోతుంది. నేండ్రగుంటలో దిగితే పాకాలకు ఆటోలుంటాయి. అక్కడి నుంచి పల్లెవెలుగు బస్సు దొరికితే అదృష్టం, లేదంటే మళ్లీ షేర్ ఆటోయే. మా ఊరికి ఒకప్పుడు రాత్రి బస చేసే బస్సు ఉండేది. డ్రైవరు, కండక్టరు రామాలయం అరుగు మీద పడుకుని, పొద్దున్నే కాలేజీ పిల్లలను ఎక్కించుకుపోయేవారు. అది ఆపేశాక ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల చదువు ఇంటర్‌తోనే ఆగింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో టికెట్టు లేదు, నిజమే. ముందు బస్సంటూ రావాలి కదా!

వేళల కోసం ఫోనులో వెతకకుండా ఆ రూటు కండక్టరునో, పాకాలలో టీ కొట్టు ఆయననో అడగండి. మీ ఊరు దామలచెరువు వైపైతే, మామిడి కాయలు మార్కెట్టుకు వచ్చే మే, జూన్ నెలల్లో ట్రాక్టర్లతో రోడ్డు నిండిపోతుంది. ఓ అరగంట ముందే బయలుదేరండి.