డ్రగ్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చింది, మళ్ళీ ట్రక్ నడపగలనా?

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాను. గ్రీన్ కార్డు ఉంది. నాలుగేళ్ళుగా సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే లైసెన్స్) మీద 18 చక్రాల ట్రక్ నడుపుతున్నాను. మూడు వారాల క్రితం కంపెనీ పెట్టిన రాండమ్ టెస్ట్‌లో గంజాయి పాజిటివ్ వచ్చింది. నిద్ర పట్టక ఇక్కడి దుకాణంలో బిల్లుతో కొన్న గంజాయి గమ్మీలు (జెల్లీ మిఠాయిలు) తిన్నాను, అంతే. అది ఇక్కడ చట్టబద్ధమే కదా? డాక్టర్ ఫోన్ చేసిన రోజే ఉద్యోగం పోయింది. ఆరు నెలలు ఊరుకుంటే రికార్డు పోతుందని కొందరు, వేరే రాష్ట్రంలో లైసెన్స్ తీసుకోమని కొందరు చెబుతున్నారు. ఒక స్నేహితుడు తన 26 అడుగుల బాక్స్ ట్రక్‌ను పెన్సిల్వేనియాకి నడపమంటున్నాడు, దానికి సీడీఎల్ అక్కర్లేదట. వచ్చే ఏడాది సిటిజెన్‌షిప్‌కి అప్లై చేయాలి. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు, ఆయనకి ఇంకా చెప్పలేదు. నా బతుకుతెరువు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. మీరు మళ్ళీ ట్రక్ ఎక్కవచ్చు, చట్టమే దానికి దారి పెట్టింది. కానీ ఊరుకుంటే ఆ దారి తెరుచుకోదు. మీకు సలహా ఇచ్చినవాళ్ళంతా ఇక్కడే పొరబడ్డారు.

ముందు గమ్మీల సంగతి. న్యూజెర్సీలో 21 ఏళ్ళు నిండినవారికి 2022 ఏప్రిల్ నుంచి గంజాయి దుకాణాల్లో అమ్ముతున్న మాట నిజమే. అయితే సీడీఎల్ డ్రైవర్‌కి టెస్ట్ పెట్టేది ఫెడరల్ రవాణా శాఖ నిబంధనల కింద. అక్కడ రాష్ట్ర చట్టం పనికిరాదు, దుకాణం బిల్లు పనికిరాదు, డాక్టర్ ఇచ్చిన మెడికల్ కార్డు కూడా పనికిరాదు. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె రాసుకున్నానన్నా వినరు. మీకు ఫోన్ చేసిన డాక్టర్‌ని మెడికల్ రివ్యూ ఆఫీసర్ అంటారు. ఆయన ఫోన్ చేసి ఫలితం చెప్పినప్పటి నుంచి 72 గంటల్లోపు, అదే నమూనాలోని రెండో సీసాను వేరే ల్యాబ్‌లో పరీక్షించమని అడిగే హక్కు మీకుండేది. ఆస్పత్రిలో పడి ఉండటం లాంటి బలమైన కారణం ఉంటే తప్ప ఆ గడువు దాటినట్టే. గమ్మీలు తిన్నది నిజమని మీరే అంటున్నారు కాబట్టి దాని గురించి బాధపడనవసరం లేదు.

మీ కేసుకి సంబంధం లేకపోయినా, మన ఇళ్ళల్లో వంటలు తెలిసినవాడిగా ఒక మాట చెప్పాలి. గసగసాల్లో మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్ళుంటాయి. మూత్రంలో అవి మిల్లీలీటరుకి 15,000 నానోగ్రాములు దాటితే గసగసాల కూర తిన్నానన్న జవాబుని రివ్యూ ఆఫీసర్ ఒప్పుకోకూడదని నిబంధనలోనే ఉంది. అంతకు తక్కువైతే, మందు దుర్వినియోగం చేసినట్టు వైద్యపరమైన ఆధారం చూపాల్సింది ఆయనే. ఇండియా నుంచి తెచ్చుకున్న దగ్గు మందులో కోడీన్ ఉంటే ప్రిస్క్రిప్షన్ పారేయకండి. సక్రమంగా రాయించుకున్న మందైతే విదేశంలో కొన్నదాన్నీ పరిశీలిస్తారు. ఇండియాలో శివరాత్రికి భంగు తాగానంటే మాత్రం ఏ ఉపయోగమూ ఉండదు.

ఇక అసలు విషయం. 2020 జనవరి 6 నుంచి క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ రికార్డు నడుస్తోంది, సీడీఎల్ డ్రైవర్ల డ్రగ్, మద్యం ఉల్లంఘనలు అందులో ఉంటాయి. మీ పాజిటివ్ అందులో నమోదై ఉంటుంది. పోయిన సంవత్సరం నా ఆఫీసుకి ఒక డ్రైవర్ వచ్చాడు. మీలాగే ఎవరో చెబితే విని, 14 నెలలు గిడ్డంగిలో పెట్టెలు మోసి, ఇక అంతా సర్దుకుని ఉంటుందని కొత్త కంపెనీకి వెళ్ళాడు. నా ఎదుట కూర్చుని ఫోన్‌లో తన అకౌంట్ తెరిచాడు. పేరు పక్కన ‘ప్రొహిబిటెడ్’ (నడపడం నిషేధం) అని మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ 14 నెలల్లో ఏ రెండు మూడు నెలలు సరిగ్గా వాడుకున్నా బయటపడేవాడు.

ఆ మాట తొలగాలంటే రిటర్న్ టు డ్యూటీ, అంటే తిరిగి పనిలో చేరే ప్రక్రియ పూర్తిచేయాలి. మొదటి మెట్టు సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్, అంటే మత్తు వాడకం కేసులు చూసే నిపుణుడు, అందరూ సాప్ అంటారు. మిమ్మల్ని తీసేసిన కంపెనీ అయినా సరే, సాప్‌ల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా మీకు ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈమెయిల్‌లో అడగండి. క్లియరింగ్‌హౌస్‌లో అకౌంట్ తెరిచి, ఆ సాప్‌ని మీరే ఎంచుకోవాలి. ఫీజు ఎవరు కట్టాలో చట్టం చెప్పలేదు, మామూలుగా డ్రైవరే కట్టుకుంటాడు. వీడియోలోనూ ఇంటర్వ్యూ చేయొచ్చని 2023లో నిబంధన మారింది కాబట్టి దూరం సమస్య కాదు. ఆయన మీతో మాట్లాడి, క్లాసులు గానీ చికిత్స గానీ సూచిస్తారు. మీరు అది పూర్తిచేశాక మళ్ళీ చూసి రిపోర్టు రాస్తారు. ఆయన చెప్పింది ఎక్కువనిపించినా ఇంకో సాప్ దగ్గరికి వెళ్ళి రెండో అభిప్రాయం తీసుకోవడానికి వీల్లేదు. ఆయన మీ తరఫు మనిషి కాదు, కంపెనీ తరఫు మనిషీ కాదు. రోడ్డు మీద మిగతావాళ్ళ క్షేమం చూడటానికి ఉన్నారు.

తర్వాత రిటర్న్ టు డ్యూటీ టెస్ట్. చాలామంది చిక్కుకునేది ఇక్కడే, ఎందుకంటే ఇది మీ అంతట మీరు ల్యాబ్‌కి వెళ్ళి చేయించుకునేది కాదు. మిమ్మల్ని పనిలో పెట్టుకోబోయే కంపెనీ పంపాలి. పాత కంపెనీ మళ్ళీ తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు, కొత్తవాళ్ళు ముందుకు రావాలి. సాప్ దగ్గరికి వెళ్తూనే, ఈ పరిస్థితిలో ఉన్న డ్రైవర్లని తీసుకునే చిన్న కంపెనీలని వెతకడం మొదలుపెట్టండి. ఫోన్ చేసినప్పుడు సంగతి దాచకండి, క్లియరింగ్‌హౌస్‌లో వాళ్ళకి ఎలాగూ కనిపిస్తుంది. టెస్ట్ ఇచ్చేటప్పుడు మీలాంటి మగవాడే ఒకరు పక్కనే నిలబడి చూస్తారు. ఇబ్బందిగా ఉన్నా ఒప్పుకోవాలి, కాదంటే టెస్ట్‌కి నిరాకరించినట్టే, అది మరో ఉల్లంఘన. గంజాయి ఆనవాళ్ళు రోజూ వాడేవారిలో వారాల తరబడి ఉంటాయి. అందుకే ఒళ్ళు పూర్తిగా శుభ్రపడకుండా తొందరపడి వెళ్ళొద్దు.

నెగటివ్ వచ్చి, కంపెనీ అది నమోదు చేశాక మీరు మళ్ళీ ట్రక్ నడపొచ్చు. అక్కడితో అయిపోదు. మొదటి 12 నెలల్లో కనీసం 6 ఆకస్మిక టెస్టులు ఉంటాయి. సాప్ అవసరమనుకుంటే మొత్తం 60 నెలల దాకా పెట్టొచ్చు. ఎప్పుడు పిలుస్తారో మీకు చెప్పరు, కంపెనీ మారినా సాప్ రాసిన ఈ టెస్టుల ప్లాన్ (ఫాలో అప్ ప్లాన్) మీ వెంటే వస్తుంది. రికార్డు 5 ఏళ్ళు ఉంటుంది. ఫాలో అప్ ప్లాన్ అప్పటికీ పూర్తికాకపోతే పూర్తయ్యేదాకా ఉంటుంది.

లైసెన్స్ సంగతి మరీ అర్జెంటు. 2024 నవంబర్ 18 నుంచి, ప్రొహిబిటెడ్ అని సమాచారం అందిన 60 రోజుల్లో రాష్ట్రం మీ సీడీఎల్‌ని మామూలు లైసెన్స్‌గా తగ్గించేయాలి. మీకు ఇప్పటికే మూడు వారాలు గడిచిపోయాయి. అన్నీ అంత త్వరగా కుదరకపోవచ్చు. కుదరకపోయినా టెస్ట్ నెగటివ్ వచ్చాక తిరిగి తెచ్చుకోవచ్చు. వేరే రాష్ట్రానికి మారినా లాభం లేదు. సీడీఎల్ ఇచ్చే ముందు ఏ రాష్ట్రమైనా క్లియరింగ్‌హౌస్ చూడాల్సిందే.

సిటిజెన్‌షిప్ గురించి మీరు ఒక్క ముక్కే అడిగారు గానీ నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది అదే. టెస్ట్ పాజిటివ్ అంటే నేరం రుజువైనట్టు కాదు. అయితే ఫెడరల్ చట్టంలో గంజాయి ఇంకా నేరమే. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సత్ప్రవర్తన విషయంలో అది అడ్డు కావొచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగానే చెప్పింది. సిటిజన్ కానివారు నోటితో ఒప్పుకున్నా ఇబ్బందే. కాబట్టి కంపెనీకి క్షమాపణ లేఖ రాసి, అందులో గమ్మీలు కొన్న కథంతా పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపుల్లోనూ వద్దు. అప్లికేషన్ నింపేముందు, ఇండియాకి టికెట్ కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. సాప్ దగ్గరికి వెళ్ళేముందే ఒక గంట మాట్లాడితే ఇంకా మేలు. ఎక్కడా అబద్ధం చెప్పొద్దు. ఏది, ఎక్కడ, ఎలా చెప్పాలో తెలుసుకుని చెప్పండి.

నాన్నగారికి చెప్పండి. డ్యూటీ ఎక్కేముందు డిపోలో బ్రీత్ ఎనలైజర్‌లో ఊదించే పద్ధతి ఆయనకి తెలియనిది కాదు. డ్రైవర్‌ని ఎందుకు పరీక్షిస్తారో మీ ఇంట్లో ఎవరికైనా విడమరిచి చెప్పాల్సి వస్తే అది ఆయనకి మాత్రం కాదు. ఇలాంటి సమయంలో ఒంటరిగా టెన్షన్ పడితే అవసరమైన ఫోన్లు కూడా చేయలేరు.

చివరిగా ఆ బాక్స్ ట్రక్. బండి బరువు రేటింగ్ 26,001 పౌండ్లకి తక్కువైతే సీడీఎల్ అక్కర్లేదన్నది నిజమే. కానీ మీకున్న నిషేధం సీడీఎల్ బండ్లకే పరిమితం కాదు. రాష్ట్రాల మధ్య సరుకు మోసే 10,001 పౌండ్లు, ఆపైన బరువు రేటింగ్ ఉన్న ట్రక్కులకీ అదే వర్తిస్తుంది. 26 అడుగుల బండి కచ్చితంగా ఆ లెక్కలోకి వస్తుంది, పెన్సిల్వేనియా ఇంకో రాష్ట్రం. దారిలో ఆపి తనిఖీ చేశారంటే మీ స్నేహితుడి కంపెనీ కూడా ఇరుక్కుంటుంది. అతనికి ఈ రోజే కుదరదని చెప్పేసి, పాత కంపెనీకి సాప్ జాబితా కోసం ఈమెయిల్ పంపండి.