ఆమె కట్టించిన గుమ్మం

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ నవల ప్రతి మొత్తం చదివాను, నాలుగో అధ్యాయం రెండుసార్లు. నఫీసే హాతూన్ కథ తెలుగులో రాయాలని నీకు తోచినందుకు నాకు నిజంగా సంతోషం. అందుకే ఏదీ దాచుకోకుండా చెబుతున్నాను.

నీ నఫీసే చాలా ఏడుస్తోంది. అద్దం ముందు, చెలికత్తె ఒడిలో, అత్తవారి కోట మెట్ల మీద. ఆ కన్నీళ్లు ఏ రాజకుమార్తెకైనా అతుకుతాయి. ఒట్టోమన్ సుల్తాన్ మొదటి మురాద్ కూతురై, కరామాన్ ప్రభువు అలాయెద్దీన్ అలీ బేకు భార్యగా వెళ్లినామెకు మాత్రమే చెందినదేమిటో వెతుకు.

ముందు ఆ పెళ్లి లెక్క నీకు ఒంటబట్టాలి. మురాద్ సేనలు ఐరోపా వైపు, బాల్కన్లలో పోరాడుతున్నాయి. వెనుక, అనటోలియాలో, అంటే నేటి టర్కీ ఆసియా భాగంలో, పాత సెల్జుక్ సుల్తానుల రాజధాని కొన్యాను చేతిలో ఉంచుకుని తామే ఆ సుల్తానుల వారసులమనుకునే కరామాన్ వంశం ఉంది. అటు కూతుర్ని ఇచ్చాడు. దాదాపు ఆ రోజుల్లోనే కొడుకు బాయజీద్‌కు గెర్మియాన్ ప్రభువు కూతురు దౌలత్‌షా హాతూన్‌ను చేసుకున్నాడు. ఆ కోడలి వెంట కుతాహ్యా పట్టణమూ మరికొన్ని ఊళ్లూ కట్నంగా వచ్చాయి. ఈ రెండు పెళ్లిళ్లను పక్కపక్కన పెట్టి చూపించు, మురాద్ గురించి నువ్వు రాసిన మూడు పేజీల వర్ణన అవసరం లేకుండా పోతుంది.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. 1381-82లో ఆమె లారెందేలో, అంటే నేటి కరామాన్ పట్టణంలో, ఒక మదరసా కట్టించింది. పాలరాతి మీద చెక్కడాలతో దాని ముఖద్వారం ఇప్పటికీ నిలిచి ఉంది. శిల్పి నుమాన్ పేరు కూడా మనకు మిగిలింది. దానికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు! మదరసా అంటే గోడలు లేపి వదిలేసేది కాదమ్మా. గురువుకు జీతం, పిల్లలకు తిండి ఏటా సాగాలంటే వక్ఫ్‌గా రాబడి చూపించాలి. ఏ పొలం ఇవ్వాలి, ఎవరిని ఒప్పించాలి, పరాయి ఊళ్లో తన మాట ఎవరు వింటారు? నీ నవల అక్కడ మొదలవ్వాలి.

తర్వాత యుద్ధం. 1386 ప్రాంతంలో మామా అల్లుళ్లు కొన్యా దగ్గర తలపడ్డారు, అల్లుడు ఓడాడు. నఫీసే వెళ్లి తండ్రిని వేడుకుందని, ఆయన క్షమించాడని ఒట్టోమన్ చరిత్రకారులు రాశారు. ఈ మాట రాసినవాళ్లు గెలిచిన పక్షంవాళ్లని మరచిపోకు. సుల్తాన్ దయాగుణం చూపించడానికి వాళ్లకు ఒక కూతురి కన్నీళ్లు కావాలి. నువ్వూ అవే అరువు తెచ్చుకున్నావు. నీ సన్నివేశంలో ఆమె ధర్మం గురించి రెండు పేజీలు ఉపన్యసిస్తుంది. తండ్రి దగ్గర ఏ కూతురూ అలా మాట్లాడదు. ఆయన కోపం ఎంతసేపుంటుందో, ఎప్పుడు నోరు విప్పాలో ఆమెకు తెలుసు. ఎక్కువసేపు మౌనంగా ఉండనివ్వు.

భర్త మరణంతో కథ ముగించడం నాకు ఒప్పుదల కాలేదు. 1389లో కొసొవో యుద్ధంలో మురాద్ చనిపోయాడు. బాయజీద్ సుల్తాన్ అయ్యాడు. 1397-98లో అతని చేతిలో అలాయెద్దీన్ ఓడిపోయి హతుడయ్యాడు. ఆమె భర్తను ఓడించింది ఆమె తోబుట్టువే. ఇద్దరు కొడుకులతో ఆమెను ఒట్టోమన్ నగరం బుర్సాకు తరలించారు. ఆ అబ్బాయిలకు కరామాన్ మళ్లీ దక్కింది 1402లో, అంకారా దగ్గర మధ్య ఆసియా నుంచి దండెత్తి వచ్చిన తైమూర్ బాయజీద్‌ను ఓడించాకే. అంటే పుట్టింటివారి ఓటమి వల్ల ఆమె బిడ్డలకు విడుదల. ఆ కబురు బుర్సా చేరిన రోజు ఆమె ముఖం ఎలా ఉందో ఏ చరిత్రలోనూ లేదు. అది నువ్వు రాయాలి.

మిగతా అధ్యాయాలు పక్కన పెట్టి, ముందు ఆ ఒక్క రోజు రాసి పంపు. పది పేజీలు చాలు.

నీ శ్రేయోభిలాషి