ఎక్సోజోముల మోజు, ఒక తండ్రి బెంగ

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. రోగనిరోధక కణాల ఎక్సోజోములతో పరాన్నజీవులను ఎదుర్కొనే పరిశోధన చేస్తానంటోంది. ఎక్సోజోముల పేరుతోనే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కోర్సు ఉందట. అందులో చేర్చమంటారా, లాంగ్‌టర్మ్ కోచింగ్ పెట్టించమంటారా? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు పైకి అడిగింది కోర్సు సంగతి. లోపల ఉన్నది 'డాక్టరు కాకపోతే పిల్ల బతుకేమవుతుంది' అన్న బెంగ. ఏటా జూన్‌లో ఈ బెంగతో నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎందరో. ముందు స్థిమితపడండి. పద్దెనిమిదేళ్లకే ఒక శాస్త్ర విషయాన్ని పేరు పెట్టి అడుగుతున్న పిల్ల దారి తప్పదు.

ఆమె చెబుతున్నది గాలి కబురేమీ కాదు. ఎక్సోజోములంటే కణాలు బయటికి వదిలే అతిసూక్ష్మమైన సంచులు. 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. 1980లలో గొర్రె ఎర్ర రక్తకణాల మీద పనిచేస్తూ వీటిని గుర్తించినప్పుడు, కణం పారబోసే చెత్త అనుకున్నవారే ఎక్కువ. తరువాత తెలిసింది, అవి కబుర్లు మోస్తాయని. శత్రువు ఆనవాళ్లను పట్టి మిగతా కణాలకు చూపించే డెండ్రైటిక్ కణాలు అనే రోగనిరోధక కణాలకు పరాన్నజీవి ప్రోటీన్లు అందిస్తే, అవి వదిలే ఎక్సోజోములు ఆ ప్రోటీన్ల ముక్కలను మోసుకెళ్లి మిగతా రోగనిరోధక వ్యవస్థను మేల్కొలుపుతాయి. 2004లో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మీద ఎలుకల్లో ఈ పద్ధతిని పరీక్షిస్తే రక్షణ కనిపించింది. కోళ్ల పేగులకు పరాన్నజీవుల వల్ల వచ్చే కాక్సీడియోసిస్ అనే జబ్బు మీద కూడా ప్రయోగాలు జరిగాయి.

ఇక నా అనుమానాలు. ఎలుకలో పనిచేసింది మనిషికి మందు కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఎక్సోజోములను కల్తీ లేకుండా వేరు చేయడమే పెద్ద పని. ప్రతి విడతా ఒకేలా రావడం ఇంకా కష్టం. పైగా కాలా అజార్ జ్వరం తెచ్చే లీష్మానియా వంటి పరాన్నజీవులు కూడా ఇలాంటి సంచులనే వదిలి మన కణాలను మభ్యపెడతాయి. అంటే ఆయుధం ఇద్దరి చేతిలోనూ ఉంది. ఇవేవీ పట్టని క్లినిక్కులు ముఖానికీ జుట్టుకూ ఎక్సోజోములంటూ అమ్ముతున్నాయి. అనుమతి లేని ఇలాంటి ఉత్పత్తుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది. ఈ మోజు చూసి డిగ్రీకి ఆ పేరు తగిలిస్తే నాకు భయం వేస్తుంది. పదేళ్లకు ఆ మాట పాతబడవచ్చు. ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం), కణజీవశాస్త్రం, పరాన్నజీవుల శాస్త్రం పాతబడవు. ఆ కోర్సులో చేర్చవద్దు.

లాంగ్‌టర్మ్ సంగతి ఒక్క మాటలో చెబుతాను: అమ్మాయి తానే అడిగితే పెట్టించండి, మీకోసమైతే వద్దు. కసురుకుంటున్నానని అనుకోకండి. ఆమెకు ఈ ఆసక్తి ఎలా పుట్టిందని మీరు ఒక్కసారైనా అడిగారా?

బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే పరిశోధక వేతనం) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత 42,000. చదువుతుండగానే వచ్చే డబ్బు ఇది. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌లో అయిదేళ్ల కోర్సు ఉంది. పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు పడుతుంది, అది దాచను. మీరు రాయకపోయినా పెళ్లి మాట నాకు వినిపిస్తోంది. పరిశోధన చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు కావలసినంతమంది.

మీ బెంగకు నా మనసులో ఉన్న మందు పశువైద్యం. పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీలో పరాన్నజీవుల శాస్త్రం పాఠ్యాంశమే. చేతిలో వృత్తి ఉంటుంది, పరిశోధన దారీ తెరిచే ఉంటుంది; హైదరాబాద్‌లో జంతు జీవసాంకేతిక విజ్ఞాన జాతీయ సంస్థ కూడా ఉంది. గన్నవరం పశువైద్య కళాశాల మీకు ఎంతో దూరం కాదు. ముందుగా అడిగి ఒక రోజు అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడి అధ్యాపకులతో ఆమెనే మాట్లాడనివ్వండి. మీరు బయట చెట్టు కింద కూర్చోండి.