సైలెంట్ వ్యాలీకి జూన్‌లో వెళ్లొచ్చా? అమ్మతో వెళ్లొచ్చిన అనుభవం

విశాఖ నుంచి అమ్మనీ, తొమ్మిదేళ్ల పాపనీ తీసుకుని జూన్‌లో కేరళలోని సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్క్‌కి వెళ్దామనుకుంటున్నాం, నడవగలరా, జంతువులు కనిపిస్తాయా అని అడిగారు కదా. మేమూ మా అమ్మతో ఇక్కడి నుంచే వెళ్లొచ్చాం, దసరా సెలవుల్లో. జూన్ మాత్రం వద్దండి. అక్కడి వాన మన వానలా గంట కురిసి తెరిపివ్వదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.

నడక గురించి టెన్షన్ పడకండి. పాలక్కాడ్‌లో రైలు దిగి, మన్నార్‌కాడ్ మీదుగా ముక్కాలి చేరాలి. అక్కడి నుంచి సైరంధ్రి దాకా దాదాపు 23 కిలోమీటర్లు అడవిలో జీపు ప్రయాణమే, గైడ్ వెంట ఉంటారు. సైరంధ్రి నుంచి కుంతిపుళ నదికి కిలోమీటరున్నర దిగాలి. సింహాచలం మెట్లెక్కే అమ్మలకి అది పెద్ద దూరం కాదు గానీ, జారుతుంది. ఆ దారి తెరిచి ఉందో లేదో ముక్కాలిలోనే అడగండి.

అసలు జాగ్రత్త జలగల దగ్గర. అమ్మ మడమ పైన ఒకటి పట్టింది. నొప్పి తెలియలేదు, రక్తం చూశాకే తెలిసింది. నేను కంగారుపడి లాగేశాను, అలా చేయకూడదట. సన్నగా ఉన్న కొస, అంటే నోటి దగ్గర, గోరు ఆనించి పక్కకి నెట్టాలి. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అందుకే చాలాసేపు కారుతుంది. సబ్బుతో కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు. మోకాళ్ల దాకా వచ్చే జలగల మేజోళ్లు ముగ్గురికీ ముందే కొనుక్కోండి. ప్యాంటు వాటి లోపలికి దోపాలి.

ఇక జంతువులు. మన విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో ఎండుటాకుల చప్పుడుని బట్టే ఏదో కదిలిందని తెలుస్తుంది. సైలెంట్ వ్యాలీలో నేలంతా తడి, ఆకు చప్పుడు చేయదు. తల పైకెత్తి ఏ కొమ్మ ఊగుతుందా అని చూడాలి. మాకు సింగలీకాలు, అంటే సింహం తోక కోతులు, అలాగే కనపడ్డాయి. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర కుచ్చు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడి అడవుల్లోనూ ఉండవు. నేల మీదికి దిగడం చాలా అరుదు, కాబట్టి చెట్లు పోతే అవీ పోతాయి. ఏనుగులు మాత్రం మాకు కనపడలేదు, దారిలో పేడ చూశామంతే.

సైరంధ్రి అంటే అజ్ఞాతవాసంలో ద్రౌపది పేరు కదా, ఆ చోటు పేరు వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. అక్కడే కుంతిపుళ మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టాలనుకున్నారు. జనం ఏళ్ల తరబడి పోరాడాక 1983లో ఆ ఆలోచన మానుకున్నారు, 1984లో నేషనల్ పార్క్ చేశారు. వాచ్ టవర్ ఎక్కి ఆ లోయని చూస్తూ ఈ సంగతి మీ పాపకి చెప్పండి. మునిగిపోవాల్సిన అడవి అదే.

జీపులు పరిమితం, లోపలికి పొద్దున పూటే పంపిస్తారు. ముందే బుక్ చేసుకుని, ముక్కాలికి ఎనిమిదింటికల్లా చేరుకోండి.