అక్కచెల్లెళ్లు ఆస్తి వాటా నిజంగా ఇష్టంతోనే వదులుకుంటారా?

చట్టంలో కూతురికీ సమాన వాటా ఉంది కదా, మరి ఆడవాళ్లు ఎందుకు సంతకం పెట్టి వదిలేస్తారని అడిగారు. మీ తమ్ముడు మిమ్మల్నీ సంతకానికి రమ్మంటున్నాడని కూడా రాశారు.

నేను పల్నాడు వైపు ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసేవాణ్ణి. హక్కు విడుదల పత్రాలు లెక్కలేనన్ని రాశాను. ప్రతిదాంట్లోనూ "మనస్ఫూర్తిగా, ఎవరి ఒత్తిడీ బలవంతమూ లేకుండా" అని ఒక ముక్క ఉంటుంది. అది రాయించేదీ, స్టాంపులకీ నాకూ డబ్బులిచ్చేదీ అన్నదమ్ములే. వదులుకునే ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుని ఉంటుంది. చదివి వినిపించమంటారా అమ్మా అంటే, "ఎందుకులెండి, ఎక్కడ పెట్టాలో చెప్పండి" అనేవాళ్లే ఎక్కువ.

ఇష్టం లేదని అనలేను, ఉందనీ అనలేను. అందులో ఒక లెక్క ఉంది. అత్తారింట్లో పొలం మామగారి పేరునో మొగుడి పేరునో ఉంటుంది. రేపు ఏదన్నా జరిగితే ఆవిడకి దిక్కు పుట్టిల్లు. వాటా అడిగితే పండక్కి పిలుపుండదు, పెళ్లిలో కూతుర్ని గంపలో కూర్చోబెట్టి తేవడానికి మేనమామ రాడు. తన పేరున సెంటు భూమి లేదు గనక పుట్టిల్లు కావాలి. పుట్టిల్లు నిలవాలి గనక వచ్చే భూమినీ వదిలేస్తుంది. ఇందులో అమాయకత్వమేమీ లేదు. ఉన్న దారుల్లో ఆవిడకి కనిపించే దారి అదొక్కటే.

"కట్నం ఇచ్చాంగా" అనే మాట కూడా రోజూ వినేవాణ్ణి. 1961 నుంచీ కట్నం నేరం. ఆ నేరాన్నే వాటా కింద జమ కట్టేస్తారు! పైగా ఆ డబ్బు అమ్మాయి చేతికి ఎక్కడొస్తుంది? మరిది చదువుకో ఆడపడుచు పెళ్లికో పోతుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన చట్టప్రకారం కూతురి వాటా పోదు.

నష్టం తర్వాత తెలుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ల పేరున ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే. మిరపకోతల్లో, పత్తి తీతల్లో చూడండి, ఎవరుంటారో. పాసుపుస్తకం లేని మనిషికి సొంత పేరున పంటరుణం దొరకడం కష్టం. పీఎం కిసాన్ 6,000 రూపాయలు కూడా భూమి ఎవరి పేరునుంటే వాళ్లకే. నేనే పత్రం రాసిన ఒకావిడ భర్త పోయాక తిరిగొచ్చింది. గేదెలు కొని పాలకేంద్రానికి పోసుకుందామనుకుంది. డ్వాక్రా డబ్బు ఒక గేదెకి సరిపోయింది. పెద్ద లోనుకి బ్యాంకువాళ్లు ఆస్తి తనఖా అడిగారు. తను వదిలేసిన డెబ్బై సెంట్లు అన్న పేరున ఉన్నాయి, ఆయన జామీను సంతకం కూడా పెట్టలేదు. ఆవిడ ఇప్పటికీ కూలికి పోతోంది.

చట్టం సంగతి క్లుప్తంగా. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. ఒకే ఇంట్లో చెల్లికి హక్కుంది, అక్కకి లేదు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాకపోతే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు కదలవు. ఇదంతా పిత్రార్జితానికి. నాన్నగారి స్వార్జితమైతే ఆయన వీలునామా ఎలా రాస్తే అలా. రాయకుండా పోతే భార్యకీ, తల్లి ఉంటే ఆమెకీ, పిల్లలందరికీ సమానం.

మీ విషయానికొస్తే, తమ్ముడితో తగవు పడమని నేను చెప్పను. ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), రెవెన్యూ రికార్డులు తీయించి ఏ సర్వే నంబరులో ఎంత ఉందో చూసుకోండి. పత్రం నకలు నాలుగు రోజుల ముందే అడగండి, ఇవ్వనంటే ఆ రోజు వెళ్లకండి. మొత్తం అడగడం మొహమాటంగా ఉంటే ఊళ్లో ఇంటి స్థలమో, రోడ్డు పక్క పాతిక సెంట్లో మీ పేరున రాయించుకుని మిగతాదానికి సంతకం పెట్టండి. అలా కుదుర్చుకుని రాకపోకలు చెడని కుటుంబాలు నాకు తెలుసు. సంతకం పెట్టాక మాత్రం మనసు మారిందంటే కుదరదు. మోసమో బలవంతమో జరిగిందని సివిల్ కోర్టులో మీరే రుజువు చేయాలి, అదీ సంగతి తెలిసిన మూడేళ్లలోపు దావా వేస్తేనే.